రొయ్యల షెడ్డు కంప్యూటర్లో జావా: జార్ ఫైళ్లున్న ప్రోగ్రామును కమాండ్ లైన్ నుంచి నడపడం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లకీ, ఒకటి రెండు రైసు మిల్లులకీ లెక్కల ప్రోగ్రాములు రాసిస్తుంటాను. రాసేది జావాలో. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. కోడ్ రాసుకునే ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ బాణం నొక్కితే ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది. అదే ప్రోగ్రామును షెడ్డు కంప్యూటర్లోకి ఎక్కించి నల్ల తెర మీద, అంటే కమాండ్లు కొట్టే కమాండ్ లైన్‌లో, నడపమంటే తెర నిండా ఎర్రర్లు. కోడ్‌లో తప్పేమీ ఉండదు. బయటి లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ కట్టలు, ఎక్కడున్నాయో ఎక్లిప్స్ మనకి చెప్పకుండా జావాకి చెప్పిపెడుతోంది. ఇక్కడ ఆ పని మనమే చెయ్యాలి.

షెడ్డు కంప్యూటర్లో ఎక్లిప్స్ పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అక్కడ పనిచేసేది గుమస్తా గారు. చెరువు పట్టుబడి అర్ధరాత్రి మొదలైతే తెల్లారేదాకా కాటా ఆగదు. ఐసు పెట్టెలు లారీ ఎక్కుతుంటాయి, రైతు తన లెక్క కోసం నిలబడి ఉంటాడు. ఆ వేళలో డబుల్ క్లిక్ చేస్తే బిల్లు రావాలి. చినుకు పడితే సిగ్నల్ ఉంటుందో ఉండదో తెలియదు కాబట్టి ఇంటర్నెట్ అడిగే ఏర్పాటు ఏదీ అక్కడ పనికిరాదు. అందుకే ఈ సంగతి నాకు చాలా ముఖ్యం, కాస్త వివరంగానే చెబుతాను.

కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. జావాసీ అంటే జావా పక్కన ఖాళీ లేకుండా సీ. సీపీ అంటే సీ, పీ రెండక్షరాలు. కాటా అనేది క్లాసు పేరు, దాని మొదటి అక్షరం మాత్రం పెద్దది. చుక్క, గీత, నక్షత్రం, సెమికోలన్, కొటేషన్ గుర్తులు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

ఉదాహరణకి నిజంగా వాడేదే తీసుకుంటాను. కాటా వేసిన ప్రతిసారీ గుమస్తా గారు ఎక్సెల్‌లో ఒక వరస కొడతారు: రైతు పేరు, చెరువు, కౌంటు, కిలోలు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్క. కౌంటు తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ప్రోగ్రాము ఆ ఎక్సెల్ చదివి, ఆ రోజు ధరల పట్టీతో లెక్కగట్టి, రైతువారీగా బిల్లు తీస్తుంది. ఎక్సెల్ ఫైలు చదవడం జావాకి సొంతంగా రాదు. అందుకు అపాచీ పీఓఐ అనే లైబ్రరీ కావాలి. అది జార్ ఫైళ్ల రూపంలో దొరుకుతుంది. జార్ అంటే చాలా క్లాసు ఫైళ్లని ఒకే ఫైలుగా కట్టిన మూట.

డిస్కులో కాటా అని ఒక ఫోల్డరు పెట్టండి. అందులో కాటా.జావా ఫైలు, లిబ్ అని ఒక ఫోల్డరు, అవుట్ అని ఇంకో ఖాళీ ఫోల్డరు. జార్లన్నీ లిబ్‌లో, కంపైల్ అయిన (జావా నడపగలిగే రూపంలోకి మారిన) క్లాసులన్నీ అవుట్‌లో. డెస్క్‌టాప్ మీద ఒక జారూ, డౌన్‌లోడ్స్‌లో ఒక జారూ ఉండనివ్వకండి. ఈ ఒక్క అలవాటు ఉంటే తరవాతి కష్టాలు సగం రావు.

ఇక అసలు సంగతి. జావా నడిచేటప్పుడు క్లాసుల కోసం డిస్కంతా గాలించదు. క్లాస్‌పాత్ అనే జాబితాలో మీరు రాసిన చోట్లే చూస్తుంది, మొదటి నుంచి చివరికి వరసగా. ధవళేశ్వరం దగ్గర ఎన్ని నీళ్లున్నా బోదె తవ్వని చేలోకి రావు కదా, ఇదీ అంతే. జార్ పక్కనే ఉన్నా జాబితాలో లేకపోతే జావాకి అది లేనట్టే. మీరు ఏ జాబితా ఇవ్వకపోతే, క్లాస్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కంప్యూటర్ మొత్తానికి పెట్టే అమరిక) కూడా లేకపోతే, ఇప్పుడు మీరున్న ఫోల్డరు ఒక్కటే చూస్తుంది. ఆ ఫోల్డరు గుర్తు ఒంటి చుక్క. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, మీరు -సీపీ అని ఒక జాబితా ఇచ్చారంటే ఆ చుక్క దానంతట అది చేరదు. కావాలంటే మీరే రాయాలి.

ముందు కంపైల్ చెయ్యాలి. కాటా ఫోల్డరులోకి వెళ్లి:

జావాసీ -డి అవుట్ -సీపీ "లిబ్/*" కాటా.జావా

-డి తరవాతది క్లాసు ఫైళ్లు పడాల్సిన చోటు. లిబ్/* అంటే లిబ్‌లో ఉన్న జార్లన్నీ. ఈ నక్షత్రం జావా 6 నుంచి పనిచేస్తోంది. దానికి మూడు హద్దులున్నాయి. అది జార్లనే పట్టుకుంటుంది, విడి క్లాసు ఫైళ్లని పట్టుకోదు. లిబ్ లోపల ఇంకో ఫోల్డరు ఉంటే అందులోకి దిగదు. లిబ్/*.జార్ అని రాస్తే అసలే పనిచెయ్యదు, ఒట్టి నక్షత్రమే ఉండాలి.

తరవాత నడపడం. విండోస్‌లో:

జావా -సీపీ "అవుట్;లిబ్/*" కాటా

లైనక్స్‌లో, మ్యాక్‌లో:

జావా -సీపీ "అవుట్:లిబ్/*" కాటా

తేడా ఒక్క గుర్తులోనే ఉంది. విండోస్‌లో డ్రైవు పేరు తరవాత కోలన్ వస్తుంది కనుక జాబితాని విడదీయడానికి అక్కడ సెమికోలన్ వాడతారు, మిగతా చోట్ల కోలన్. లైనక్స్ కోసం రాసిన కమాండ్ విండోస్‌లో అతికించి గంటల తరబడి తలపట్టుకునే పిల్లల్ని చూస్తూనే ఉంటాను. ముందు ఆ గుర్తు చూడండి.

కొటేషన్లు అలంకారం కాదు. లైనక్స్‌లో -సీపీ లిబ్/* అని కొటేషన్లు లేకుండా ఇస్తే ఆ నక్షత్రం జావా దాకా చేరదు. మనం కొట్టిన కమాండ్‌ని ముందుగా అందుకునే షెల్ దాన్ని ముందే విప్పేసి, జార్ల పేర్లని మధ్యలో ఖాళీలతో పరిచేస్తుంది. జావా మొదటి జార్‌ని క్లాస్‌పాత్ అనుకుంటుంది, రెండో జార్ పేరుని మెయిన్ క్లాసు (ప్రోగ్రాము మొదలయ్యే క్లాసు) పేరు అనుకుని అది దొరకలేదంటుంది. విండోస్‌లో పవర్‌షెల్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. అక్కడ సెమికోలన్ అంటే ఒక కమాండ్ అయిపోయి ఇంకోటి మొదలైనట్టు. కొటేషన్లు లేకపోతే వాక్యం అక్కడే తెగిపోతుంది. ఏ కంప్యూటరైనా సరే, ఎప్పుడూ కొటేషన్లు పెట్టండి.

వరస కూడా ముఖ్యమే. జావాకి చెప్పాల్సినవన్నీ క్లాసు పేరుకి ముందే చెప్పాలి. పేరు తరవాత రాసినవన్నీ మీ ప్రోగ్రాముకి వెళ్తాయి. కాటా తరవాత -సీపీ రాస్తే జావా దాన్ని పట్టించుకోదు. ఎక్సెల్ ఫైలు పేరులాంటివి మాత్రం అక్కడే ఇస్తాం. క్లాసు పేరు చివర చుక్క క్లాస్ అనో, చుక్క జావా అనో తగిలించకూడదు.

ప్యాకేజీ, అంటే క్లాసుల్ని ఒక పేరు కింద చేర్చే గుంపు, ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. కాటా క్లాసు షెడ్డు అనే ప్యాకేజీలో ఉందనుకోండి. క్లాసు ఫైలు అవుట్ లోపల షెడ్డు ఫోల్డరులో పడుతుంది. అయినా జాబితాలో రాయాల్సింది అవుట్ వరకే, షెడ్డు దాకా వెళ్లకూడదు. క్లాసు పేరు మాత్రం పూర్తిగా చెప్పాలి:

జావా -సీపీ "అవుట్;లిబ్/*" షెడ్డు.కాటా

మెయిన్ క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే నేను ముందు చూసేది ఇదే. షెడ్డు ఫోల్డరులోపలికి వెళ్లి కూర్చుని కాటా అని పిలుస్తుంటారు.

జావా 11 నుంచి, అంటే 2018 నుంచి, ఒకే ఫైలులో ఉన్న ప్రోగ్రామైతే విడిగా కంపైల్ చెయ్యకుండానే నడపొచ్చు: జావా -సీపీ "లిబ్/*" కాటా.జావా. ఇక్కడ మాత్రం చుక్క జావా ఉండాలి. ఏదైనా చిన్నది పరీక్షించి చూడ్డానికి బాగుంటుంది. షెడ్డుకి ఇచ్చేటప్పుడు నేను ఇది వాడను, ప్రతిసారీ కంపైల్ చేసుకుంటుంది కాబట్టి పాత కంప్యూటర్లో నెమ్మదిస్తుంది.

ఇప్పుడు అందరినీ ఏడిపించే చోటికి వద్దాం. పీఓఐ కావాలి కదా అని పీఓఐ జార్, దాని జతగా పీఓఐ-ఓఓఎక్స్ఎంఎల్ జార్ తెచ్చి లిబ్‌లో పడేస్తారు. కొత్తరకం ఎక్సెల్ ఫైళ్లకి ఆ రెండోది కావాలి. కోడ్ రాసిన తీరుని బట్టి కంపైల్ అయిపోవచ్చు కూడా. నడిపితే మాత్రం నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే ఆ జార్లకి మళ్లీ వేరే జార్లు కావాలి: ఎక్స్ఎంఎల్‌బీన్స్, కామన్స్-కంప్రెస్, కామన్స్-ఐఓ, కామన్స్-కలెక్షన్స్4, లాగ్4జే-ఏపీఐ, పీఓఐ-ఓఓఎక్స్ఎంఎల్-లైట్, ఇంకా కొన్ని. కంపైలర్ మీ కోడ్‌లో కనిపించే క్లాసులనే ముఖ్యంగా వెతుకుతుంది. ఆ క్లాసులు లోపల ఎవరిని పిలుస్తాయన్నది నడిచేటప్పుడు గానీ బయటపడదు. కంపైల్ అయింది కదా అని ధీమాగా ఉండకండి.

ఆ ఎర్రర్‌ని చూసి భయపడనక్కర్లేదు, చదవడం నేర్చుకోవాలి. అందులో ఒక క్లాసు పేరు, మధ్యలో ఏటవాలు గీతలతో ఉంటుంది. ఓఆర్‌జీ/అపాచీ/ఎక్స్ఎంఎల్‌బీన్స్ అని మొదలైతే లేనిది ఎక్స్ఎంఎల్‌బీన్స్ జార్. కామన్స్/కంప్రెస్ అని ఉంటే కామన్స్-కంప్రెస్. కొన్ని మాత్రం పేరుని బట్టి దొరకవు. కామ్/జాక్సర్/స్పార్స్‌బిట్స్ అని వస్తే కావాల్సింది స్పార్స్‌బిట్‌సెట్ జార్. ఓఆర్‌జీ/ఓపెన్ఎక్స్ఎంఎల్‌ఫార్మాట్స్ అని వస్తే పీఓఐ-ఓఓఎక్స్ఎంఎల్-లైట్ లేదన్నమాట. లైట్ ఉన్నా అదే వస్తోందా? అయితే మీరు వాడే క్లాసు లైట్‌లో లేదు, దాని బదులు ఫుల్ అని ఉన్న జార్ పెట్టండి.

క్లాసు ఫలానా జార్‌లో ఉందో లేదో చూడాలంటే:

జార్ టీఎఫ్ లిబ్/ఫైలుపేరు.జార్

లోపలున్నవన్నీ వరసగా చూపిస్తుంది. ఒకసారి ఒక పిల్లాడు జార్ ఉంది కానీ క్లాసు దొరకట్లేదని చూపించాడు. తీరా చూస్తే ఫైలు పేరు చివర సోర్సెస్ అని ఉంది. జార్లు దొరికే మేవెన్ సెంట్రల్ అనే సైటులో ఒకే వెర్షన్ పక్కన సోర్సెస్ అని ఒకటి, జావాడాక్ అని ఒకటి కూడా ఉంటాయి. మొదటి దాంట్లో కోడ్ మూలం, రెండో దాంట్లో వివరణ పేజీలు. నడిపే క్లాసులు ఆ రెండింట్లోనూ ఉండవు. పేరు చివర వెర్షన్ అంకె తప్ప ఇంకేమీ లేనిది తెచ్చుకోవాలి.

డేటాబేస్ వాడేవాళ్లకి ఎర్రర్ వేరే రూపంలో వస్తుంది. జావాని ఆ డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ జార్ లేకపోయినా కోడ్ కంపైల్ అయిపోతుంది, ఎందుకంటే కోడ్‌లో ఉన్నవి జావా సొంత క్లాసులే. నడిపాక నో సూటబుల్ డ్రైవర్ అంటుంది. అప్పుడు ముందుగా డేటాబేస్ చిరునామా (యూఆర్‌ఎల్) సరిగ్గా ఉందో చూసి, తరవాత డ్రైవర్ జార్ లిబ్‌లో ఉందో చూడండి.

ఇన్ని జార్లు చేత్తో ఏరుకోవడం మంచి పద్ధతి కాదు. నా పద్ధతి ఇది: నెట్ బాగున్న చోట, భీమవరంలో గదిలో కూర్చుని, మేవెన్ అనే పనిముట్టు చేత ఏరించేస్తాను. మేవెన్‌కి ఏం కావాలో చెప్పే పామ్ ఫైలులో పీఓఐ-ఓఓఎక్స్ఎంఎల్ అని ఒక్క డిపెండెన్సీ (కావాల్సిన లైబ్రరీ) రాసి:

ఎంవీఎన్ డిపెండెన్సీ:కాపీ-డిపెండెన్సీస్ -డిఅవుట్‌పుట్‌డైరెక్టరీ=లిబ్ -డిఇన్‌క్లూడ్‌స్కోప్=రన్‌టైమ్

ఇందులో ఒక్క విషయం చూసుకోండి. గీత తరవాతి డి పెద్దక్షరం. అవుట్‌పుట్‌డైరెక్టరీలో డైరెక్టరీ మొదటి అక్షరం, ఇన్‌క్లూడ్‌స్కోప్‌లో స్కోప్ మొదటి అక్షరం కూడా పెద్దవి. కావాల్సిన జార్లన్నీ, వాటికి కావాల్సినవి కూడా, లిబ్‌లోకి వచ్చి పడతాయి. రన్‌టైమ్ అన్నాం కనుక పరీక్షల కోసం వాడే జార్లు రావు. ఏది ఎవరి వల్ల వచ్చిందో తెలుసుకోవాలంటే ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ. ఆ తరవాత కాటా ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆకివీడు అయినా, నరసాపురం అయినా వెళ్లిపోవచ్చు. షెడ్డు కంప్యూటర్లో మేవెన్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు.

పీఓఐ నడిచేటప్పుడు లాగ్4జే-కోర్ లేదని మొదట్లో ఒక వాక్యం ఎర్రర్ అంటూ రావచ్చు. బిల్లుకి దానివల్ల నష్టం లేదు. లాగింగ్ (నడిచేటప్పుడు జరిగినవి రాసిపెట్టే) అమరిక లేదని చెబుతోందంతే, ప్రోగ్రాము ముందుకి సాగుతుంది.

వెర్షన్ల విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. లిబ్‌లోకి కొత్త జార్ వేస్తే పాతది అదే నిమిషంలో తీసెయ్యండి. రెండూ ఉంటే ఏది ముందు వస్తే దాన్నే జావా వాడుతుంది. నక్షత్రం విప్పినప్పుడు ఏది ముందు వస్తుందన్న దానికి హామీ లేదు. మీ కంప్యూటర్లో కొత్తది, షెడ్డులో పాతది పట్టుకోవచ్చు. అప్పుడు వచ్చేది నోసచ్‌మెథడ్‌ఎర్రర్. క్లాసు దొరికింది, అందులో మీరు పిలిచిన పని లేదని దాని అర్థం. ఆ ఎర్రర్ కనిపిస్తే లిబ్ తెరిచి, ఒకే పేరుతో రెండు అంకెలున్న జార్లు ఉన్నాయేమో చూడండి. పీఓఐ కుటుంబం జార్లన్నీ ఒకే వెర్షన్‌వి ఉండాలి, కలగాపులగం పనికిరాదు. అనుమానం తీరకపోతే జావా తరవాత -వెర్బోస్:క్లాస్ అని చేర్చి నడపండి. ప్రతి క్లాసూ ఏ ఫైలులోంచి వచ్చిందో చెబుతుంది.

జావా వెర్షన్ కూడా అంతే. మీరు జావా 21తో కంపైల్ చేశారు, షెడ్డులో జావా 8 ఉంది అనుకోండి. అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్ వస్తుంది, అందులో 65, 52 అని అంకెలుంటాయి. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. అక్కడ కొత్త జావా వేసే వీలుంటే వెయ్యండి. లేదంటే కంపైల్ చేసేటప్పుడే జావాసీ తరవాత --రిలీజ్ 8 అని చేర్చండి. జార్ల మీదా ఓ కన్నేయండి, మీ కోడ్ ఒక్కటి పాతదానికి సరిపోతే చాలదు.

కాలేజీ ల్యాబుల్లో క్లాస్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టించడం ఇంకా చూస్తున్నాను. దయచేసి పెట్టకండి. అది ఆ కంప్యూటర్లో ప్రతి జావా ప్రోగ్రాముకీ వర్తిస్తుంది, మీ ప్రోగ్రాముతో పాటు వేరే కంప్యూటరుకి రాదు. -సీపీ ఇస్తే అదెలాగూ పక్కకి పోతుంది.

ఇక గుమస్తా గారి కోసం. ఆయన చేత ఇంత కమాండ్ కొట్టించడం న్యాయం కాదు. కాటా ఫోల్డరులో బిల్లు.బ్యాట్ అని ఒక ఫైలు చేసి ఇలా రాయండి (షెడ్డు ప్యాకేజీ లేకపోతే షెడ్డు.కాటా బదులు ఒట్టి కాటా):

@ఎకో ఆఫ్
సీడీ /డి "%~డీపీ0"
జావా -సీపీ "అవుట్;లిబ్/*" షెడ్డు.కాటా %*
పాజ్

రెండో వరసే ఇందులో ప్రాణం. ఆ శాతం గుర్తు, టిల్డె, డీ, పీ, సున్నా కలిస్తే ఈ బ్యాట్ ఫైలు ఉన్న ఫోల్డరు అని అర్థం. దాని షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద పెట్టినా, ఫోల్డరు డి డ్రైవులో ఉన్నా, ముందు అక్కడికి వెళ్లి ఆ తరవాతే జావాని పిలుస్తుంది. అది లేకపోతే లిబ్ అన్న మాటకి అర్థం ఎక్కడి నుంచి నడిపితే అక్కడికి మారిపోతుంది. చివరి పాజ్ కూడా ఉంచండి. లేకపోతే ఎర్రర్ వచ్చిన రోజు, "ఆయ్, నల్లగా వచ్చి టక్కున పోయిందండీ" అని ఫోన్ వస్తుంది, ఏమొచ్చిందో ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు. పాజ్ ఉంటే తెర నిలుస్తుంది, ఆయన ఫోటో తీసి పంపుతారు.

అంతా ఒక్క జార్ చేసి -జార్ తో నడపొచ్చు కదా అంటారు. నడపొచ్చు, ఒక్కటి తెలిసి ఉండాలి: -జార్ వాడితే -సీపీని జావా పూర్తిగా వదిలేస్తుంది. రెండూ కలిపి రాసి ఎందుకు పనిచెయ్యట్లేదని అడిగేవాళ్లు చాలామంది. లైబ్రరీల జాబితా అప్పుడు జార్ లోపలి మ్యానిఫెస్ట్ అనే వివరాల ఫైలులో ఉండాలి, క్లాస్-పాత్ అన్న వరసలో, పేర్ల మధ్య ఖాళీలతో. అక్కడ నక్షత్రం చెల్లదు, ప్రతి జార్ పేరూ విడివిడిగా రాయాలి. ఫైలు చివరి వరస తరవాత ఎంటర్ కొట్టడం మరవద్దు, లేకపోతే ఆ వరస లెక్కలోకి రాకపోవచ్చు. ఇందులో ఒక మేలుంది. ఆ దారులు జార్ ఉన్న చోటు నుంచి లెక్క, మీరున్న ఫోల్డరు నుంచి కాదు. అన్ని లైబ్రరీలనీ విప్పి ఒకే పెద్ద జార్‌గా కలిపే పద్ధతీ ఉంది. చిన్న షెడ్డు పనికి నేను దాన్ని ఎంచుకోను. ఒక లైబ్రరీ మార్చాలంటే లిబ్‌లో ఒక్క ఫైలు మార్చడం ఫోన్లో కూడా చెప్పి చేయించొచ్చు, ఇది అలా కుదరదు.

రాత్రి పదకొండుకి రోజు లెక్క దానంతట అదే తియ్యాలంటే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఈ బ్యాట్ ఫైలునే పెట్టండి, కానీ పాజ్ తీసేసిన ఇంకో నకలు చేసి పెట్టాలి. లేకపోతే ఎవరో ఒక మీట నొక్కేదాకా అది అలాగే కూర్చుంటుంది. ఆ నకలులో జావా అని ఊరికే రాయకుండా దాని పూర్తి దారి ఇవ్వండి, షెడ్యూలర్ వేరే యూజర్ పేరుతో నడిపితే జావా ఎక్కడుందో దానికి తెలియకపోవచ్చు.

షెడ్డుకి అప్పగించే ముందు నేను తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. కాటా ఫోల్డరుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎక్లిప్స్ లేని వేరే కంప్యూటర్లో, నెట్ ఆపేసి, పేరులో ఖాళీ ఉన్న ఒక ఫోల్డరులోకి దించుతాను. రొయ్యల లెక్క అనో, పాత ఫైళ్లు అనో, గుమస్తా గార్లు పెట్టుకునే పేర్లు అలాగే ఉంటాయి. అక్కడ బ్యాట్ ఫైలు నొక్కి, నిన్నటి పట్టుబడి ఎక్సెల్ ఇచ్చి, వచ్చిన బిల్లుని చేత్తో కట్టిన లెక్కతో పోల్చుకుంటాను. రెండూ కలిస్తే బండి తీస్తాను.